గురుతు మాట

ముప్పై ఒకటి అంటున్న.
ఆ అంకె గూడ మార్చిన.
ఊరు కోరుట్ల దిక్కు అని రాస్తున్న,
అది గూడ కాకపోవచ్చు.

హన్మకొండల మా డిపార్ట్‌మెంటు రెండో అంతస్తు.
పేర్లున్న రిజిస్టరు ఇనుప బీరువాల,
బీరువా తాళంచెవి సుభాషిణి మేడం
పాత కండ్లద్దాల డబ్బాల.
నా దగ్గరున్నవి అరవై రెండు అంకెలు,
అరవై రెండు గొంతులు.

వారానికో ప్రశ్న ఫోన్ల పంపిస్త.
బీడీల చాట పక్కకు జరిపి
జవాబు మాట్లాడి పంపుతరు.
రాత్రి దగ్గు ఎన్నిసార్లు?
ఆకు తూకంల ఎంత తక్కువ?
కట్ట బాగలేదని తీసిపారేస్తే ఆ పైసలు ఎవరి మీద?

ముప్పై ఒకటి ఫోను ఆమెది కాదు, కొడుకుది.
వాడు తానానికి పోయినప్పుడు తొమ్మిది నిమిషాలు దొరుకుతయి.
వెనుక కుక్కర్ కూత,
నల్లా నీళ్ళు బిందెల పడే చప్పుడు.
ఊపిరి ఒకసారి మింగి
అప్పుడు మొదలుపెడతది మాట.

విని రాస్త. రాసి కొట్టేస్త.
"రేషన్ షాపు ఎదురిల్లు" కొట్టేస్త.
"మా కుంటి మేక" కొట్టేస్త,
ఊరికి కుంటి మేక ఒకటే ఉంటది.
"మా ఆయన బహ్రెయిన్ల" ఉంచిన.
ఆ దిక్కు సగం ఇండ్లకు అదే చిరునామా.

ఒక శనివారం లింకు జారింది,
ఏ చేతినుంచో, ఏ గ్రూపులకో.
తెల్లారేసరికి అరవై రెండు నూట పంతొమ్మిది.
కొత్తగ వచ్చినోళ్ళకు దగ్గు లేదు.
తూకం మంచిగున్నది.
"మా టేకేదారు దేవడసుంటోడు" అని
యాభై ఏడు మంది రాసిన్రు,
యాభై ఏడు చోట్ల
దేవునికి ఒకటే కొమ్ము తక్కువ.

మేడం నవ్వింది. నవ్వి ఆగిపోయింది.
వచ్చినోడు రాసే పోయిండా,
విని గూడ పోయిండా?

ఆ రాత్రే గేటు మూసిన.
ఒక్కొక్కరికి ఫోన్ చేసిన,
మొగగొంతు ఎత్తితే రాంగ్ నంబర్ అని పెట్టేసిన.
అంకె సాలదమ్మా,
ఒక గురుతు మాట చెప్పుండ్రి,
ఇంట్ల ఎవ్వరూ అనుకోనిది.
ఒకామె పచ్చిపులుసు అన్నది.
రోజూ అంటవు గద, వద్దు అన్న.
ఒకామె చచ్చిపోయిన బర్రె పేరు చెప్పింది.
ఒకామె గొంతు తగ్గించి
పెండ్లికి ముందటి తన పేరు చెప్పింది.
ముప్పై ఒకటి చానసేపు ఆలోచించి
"సముద్రం" అన్నది.
"నేను సూడలె.
మా ఇంట్ల ఆ మాట ఎన్నడు పుట్టలె."

వానలకు ముందు ఒక పొద్దు,
కరీంనగర్‌ల జగిత్యాల పల్లెవెలుగు ఎక్కిన.
బస్సు గూడ ఆ బస్సు కాదు.
పక్క సీట్ల ఒకామె, ఒళ్ళె మందుల సంచి.
కండక్టరు ఆధార్ అడిగిండు.
ఆమె ఊపిరి మింగి
"ఉన్నది తీ, ఆగు" అన్నది.

అంతే. నా చెవులు లేచి నిలబడ్డయి.

కార్డు నా మొఖం ముందటినుంచే పోయింది,
పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు,
బీరువాల దాచినదంతా
అరచెయ్యంత ప్లాస్టిక్ మీద.
కిటికీ దిక్కు తిరిగిన.
బయట ఏమీ లేదు, గ్రానైటు లారీ తప్ప.
దాని నంబరు ప్లేటు
అక్షరం అక్షరం చదివిన.

"ఏం పని జేస్తవు బిడ్డా?"
"కాలేజీల. లెక్కలు రాస్త."
"మాకు గూడ ఒక పిల్ల ఫోన్ల అడుగుతది.
మంచిగ మాట్లాడతది. మొఖం సూడలె."
నాలుక కొసకు వచ్చింది సముద్రం.
ఉప్పగ ఉన్నది.
మింగిన.

ఏదో స్టేజీ కాడ దిగింది.
ఏ స్టేజీయో చెప్పను.
వెనుకకు తిరిగి చూడలేదు, ఎందుకు చూస్తది?
ఆమె కూసున్న సీటు మీద
తునికాకు తునక ఒకటి,
గోరంత, అంచు కత్తిరించినది.
తీసి పుస్తకంల పెట్టబోయి ఆగిన.

ఆమె ఒప్పుకున్న కాయితంల
అది లేదు.